అప్పు ఏ గడిలో రాయాలి?

2025 జులైలో పత్రికలన్నిటా ఒకే అంకె తిరిగింది: 25.5. ప్రపంచ బ్యాంకు చెప్పిన మన దేశపు గినీ సూచిక అది. అందరికీ సమానంగా అందితే సున్నా, అంతా ఒక్కరి చేతిలోనే ఉంటే వంద. ఈ లెక్కన ప్రపంచంలో అత్యధిక సమానత ఉన్న నాలుగో దేశం మనదేనని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత నేను చదివిన వ్యాసాల్లో సగానికి పైగా ఆ అంకె దేన్ని కొలిచిందో చెప్పలేదు. అది జనం సంపాదనను కాదు, ఖర్చును కొలిచింది.

ఆ ఖర్చులు ఇంటింటికీ తిరిగి రాసుకోవడమే చాలా ఏళ్లు నా ఉద్యోగం. 2011-12 సర్వేకు కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊరికి వెళ్లాను. ఎంపికైన ఇళ్లలో ఒకటి కౌలు రైతుది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. బియ్యం, నూనె, పప్పు నుంచి సబ్బు దాకా అడిగాను. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చెంతని అడిగితే ఆమె చెప్పిన లెక్క లక్షా ఇరవై వేలు. ఆపరేషన్ ఆమెకే జరిగింది. డబ్బంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు.

షెడ్యూల్లో, అంటే మేము నింపే సర్వే పత్రంలో, ఆ మొత్తం ఖర్చు కింద ఎక్కింది. పన్నెండు నెలలకు, నలుగురికి పంచితే తలకు నెలకు 2,500 రూపాయలు. ఆ ఏడాది గ్రామీణ భారతంలో తలసరి నెల ఖర్చు సగటు 1,430. అంటే తిండీ బట్టా కలపకముందే ఆ కుటుంబం నా కాగితంలో సగటును దాటిపోయింది. పెద్దకొడుకు ఇంటర్ మానేసి బెంగళూరులో పనికి చేరాడు. వాడి చదువు ఖర్చు దగ్గర సున్నా వేశాను. లేచేటప్పుడు ఆమె అడిగింది: “అన్నీ రాసుకుంటివి గదా నాయనా, అప్పు యాడ రాసుకుంటివి?” నా దగ్గరున్న షెడ్యూల్లో దానికి గడి లేదు. అప్పుల సర్వే వేరు, అది 2013లో జరిగింది.

హైదరాబాద్‌లో కథ ఇంకోలా ఉండేది. పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు దాటడమే గగనం. “సార్ ఊళ్లో లేరు” అని వాచ్‌మన్ చెప్పేవాడు. రెండు మూడుసార్లు తిరిగి, చివరికి జాబితాలో ఉన్న మరో ఇంటికి వెళ్లేవాళ్లం. తలుపు తీసినవాళ్లయినా చెప్పేది కూరగాయల లెక్కే. బ్యాంకులో, భూముల్లో, షేర్లలో పెట్టింది మేము అడిగే ఖర్చులోకే రాదు. పేదింటి అప్పు ఖర్చుగా కనిపించింది, ధనికుడి మిగులు కనిపించకుండా పోయింది. ఈ రెండూ కలిస్తే అంతరం తగ్గినట్టే ఉంటుంది మరి.

25.5 ఇచ్చిన ప్రపంచ బ్యాంకు పత్రంలోనే ఇంకో అంకె ఉంది. ఆదాయాల మీద మరో సంస్థ కట్టిన గినీ 62. మనల్ని పోల్చిన దేశాల్లో చాలావాటి అంకెలు ఆదాయం మీద కట్టినవే. మన ఖర్చును వాళ్ల ఆదాయంతో తూచి ర్యాంకు ఇవ్వడం తప్పు. రాసేవాళ్లు ఇది పాఠకుడికి చెప్పి తీరాలి.

అంతరం ఎక్కువేనని వాదించే మన పక్షానికీ ఇదే మాట. నితిన్ కుమార్ భారతి, థామస్ పికెటీ తదితరులు 2024 మార్చిలో ఇచ్చిన పత్రం ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పై ఒక్క శాతం మందిదే. ఆ అంకెను నేను గౌరవిస్తాను. అయితే మన దేశంలో ఆదాయపన్ను కట్టేది కొద్దిమంది, మిగతావాళ్ల సంపాదనను సర్వేలూ ఊహలూ కలిపి అంచనా వేయాల్సి వచ్చింది. ఆ సంగతి మింగేసి అంకెను మాత్రమే జెండాలా ఊపితే నమ్మకం పోయేది మన వాదం మీదే. 2017-18 ఖర్చుల సర్వే ఫలితాలను ప్రభుత్వం 2019లో విడుదల చేయకుండా ఆపేసినప్పుడు కోపంతో రాసినవాళ్లం మనం. అంకెల పట్ల మనం ఇంకా నిజాయితీగా ఉండాలి.

కుటుంబాల ఆదాయం మీద దేశవ్యాప్త సర్వేను 2026లో మొదలుపెడతామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది. ఈ పత్రిక చదివేవాళ్లలో గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లు చాలామందే ఉంటారు. మీ ఇల్లు ఎంపికైతే సర్వే కుర్రాడు సంచీ తగిలించుకుని కింద నిలబడతాడు. దయచేసి ఊళ్లో లేరని చెప్పించకండి. అతన్ని పైకి రానివ్వండి, మీ ఇంట్లోకి వచ్చేదెంతో ఉన్నదున్నట్టు చెప్పండి.