బండి కబుర్లు: పేరు తెలియని ఆయిల్ పోయవచ్చా?



కిందటి నెలలో మా మేనల్లుడు హోసూరు వచ్చాడు. బెంగుళూరులో సొంత కారును టాక్సీగా తిప్పుకుంటున్నాడు. చేతిలో రెండు ఆయిల్ డబ్బాలు. "మామా, వీటిలో ఏది పొయ్యమంటావు?" అన్నాడు. ఒకటి ఊరూరా బోర్డులున్న కంపెనీది. రోడ్డు పక్క కొట్లో సగం ధరకే ఇచ్చారట, బిల్లు లేదు. రెండోది బిల్లుతో కొన్నదే గానీ, దాని పేరు నేనెప్పుడూ వినలేదు.

వాడి ఇంజను ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అందుకే తొందరపడి చెప్పలేదు. పైగా నాకొక పాఠం ఉంది. 1994లో నాలుగు డబ్బులు మిగులుతాయని నా పాత కారులో లూజు ఆయిల్ పోయించాను. ఏడాది తిరక్కుండా ఇంజను పట్టేసింది. విప్పితే లోపలంతా తారులాంటి మడ్డి. రిపేరుకు మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తదు. అదే నాకు పెద్ద శిక్ష.

ముందు కారుతో ఇచ్చిన పుస్తకం తెప్పించాను. అందులో 5డబ్ల్యు-30 అనీ, ఏపీఐ ఎస్‌ఎన్ లేదా అంతకు పై తరగతి అనీ ఉంది. డబ్ల్యు ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత సులువుగా పారుతుంది. వెనకనున్న అంకె ఇంజను వేడెక్కాక ఉండే చిక్కదనం. ఎస్‌ఎన్, ఎస్‌పీ అనేవి పెట్రోలు ఇంజన్లకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన తరగతులు. ఎస్‌పీ 2020లో వచ్చింది. డబ్బా మీద ఎస్‌ఎఫ్ అని ఉంటే దించేయండి. అది 1988 తర్వాతి బండ్లకు చాలావాటికి పనికిరాదు.

పేరులేని డబ్బా మీద 5డబ్ల్యు-30, ఎస్‌పీ రెండూ ఉన్నాయి. ఆ సంస్థ గుండ్రటి ముద్రా ఉంది. ముద్ర ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు కదా? అందుకే అనుమతి పొందిన ఆయిళ్ళ జాబితాను ఆ సంస్థ అందరికీ అందుబాటులో ఉంచింది. మావాడు ఫోనులో వెతికితే ఈ పేరు దొరికింది. చిన్న కంపెనీలు పెద్ద రిఫైనరీల నుంచి మూల ఆయిల్ కొని, మందులు కలిపి అమ్ముతాయి. పేరు వినకపోవడం ఒక్కటే తప్పు కాదు.

ఇక పేరున్న డబ్బా. మూత సీలు వదులుగా ఉంది, బ్యాచి నంబరు చెరిగింది. పాత డబ్బాల్లో నాసిరకం నూనె నింపి అమ్మేవాళ్ళున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! దాన్ని పక్కన పెట్టించి, రెండోదే పోయించాను.

మరో మూడు మాటలు. వారంటీ ఉన్న బండైతే ఆయిల్ బిల్లు దాచుకోండి. కారు ఆయిల్ మిగిలిందని మోటారు సైకిల్లో పోయకండి. చాలా బండ్లలో క్లచ్చి ఆ ఆయిల్లోనే తడుస్తుంది, జారిపోవచ్చు. వాటికి జాసో ఎంఏ అని రాసి ఉన్నది కావాలి. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి, దొంగ సరుకుకు పనికి రాకుండా.

ఇవాళే మీ బండి పుస్తకం బయటికి తీయండి. వచ్చే సంచికలో టైర్ల సంగతి చెప్పుకుందాం.