వేరుగా నుంచుట వేరు, లేకుండ జేయుట వేరు

కంప్యూటరులోని పనులన్నియు ఒక్క పెద్ద ప్రాసెసరే చేయుచున్నదని మనలో పలువురు తలంతురు. అది నిజము కాదు. తీగ లేకుండ ఇంటర్నెట్టు నందించు వై-ఫై కార్డునందును, తెరపై బొమ్మను జూపు గ్రాఫిక్సు కార్డునందును వేర్వేరు చిన్న ప్రాసెసర్లు గలవు. వానికి పని నేర్పు ఆజ్ఞలనే ఫర్మువేరు అందురు. ఈ పరికరములన్నిటిని కలిపి నడిపించునది కెర్నెలు. పెక్కు పరికరములు విద్యుత్తు పోగానే తమ పాఠమును మరచును. కంప్యూటరును తెరచినప్పుడెల్ల కెర్నెలు దానిని మరల అందింపవలెను.

ఫర్మువేరును కెర్నెలుతో గలిపి ఒకే మూటగా గట్టవలెనా, వేరుగా నుంచవలెనా? వేరుగా నుంచుటయే న్యాయమని మా యభిప్రాయము. ఇందుకు రెండు కారణములు కలవు.

మొదటిది సత్యము. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్సు కెర్నెలును పంచువారు, దాని లైసెన్సు ననుసరించి, మూలమును గూడ ఈయవలెను. ఎవరైనను చదివి దిద్దుకొనవచ్చును. ఫర్మువేరును మాత్రము కంపెనీలు తరచుగా అంకెల వరుసగానే యిచ్చును; మూలమును జూపవు. రెండింటిని ఒకే సంచిలో బోసి, ఇదంతయు స్వేచ్ఛగలదని చీటి యంటించుట కల్తీసరుకు నమ్ముట వంటిది.

రెండవది సౌకర్యము. ఒక కార్డు ఫర్మువేరులో దోషము దిద్దబడినచో ఆ చిన్న మూటను మార్చిన చాలును. లైనక్సు నిర్మాతలును ఫర్మువేరునకు ప్రత్యేక భాండారము నేర్పరచి, 2017 నవంబరులో వెలువడిన 4.14 కెర్నెలునుండి తమ మూలమందు మిగిలిన ఫర్మువేరును తొలగించిరి.

అయితే ఇందొక కష్టము గలదు. లైనక్సు కెర్నెలుపై స్వచ్ఛంద సేవకులు కూర్చి ఉచితముగా పంచు వ్యవస్థ డెబియన్. 2011 ఫిబ్రవరిలో వెలువడిన డెబియన్ 6.0లో స్వేచ్ఛలేని ఫర్మువేరు కెర్నెలు మూటలోను లేదు, అధికారిక ఇన్‌స్టాలు డిస్కులోను లేదు. వై-ఫై పనిచేయుటకు ఫర్మువేరు కావలెను. ఫర్మువేరు దెచ్చుకొనుటకు వై-ఫై కావలెను! తాళపుచెవిని పెట్టెలోనే యుంచి తాళము వేసినట్లయ్యెను. తెలిసినవారు వేరే డిస్కును వెదకికొనిరి. ఇంట ఒక్క పాత కంప్యూటరు మాత్రమే గల విద్యార్థి యేమి చేయును?

2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి దీనిని దిద్దుకొనిరి. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12లో ఫర్మువేరునకు వేరు విభాగ మేర్పరచి, కావలసిన మూటలను అధికారిక డిస్కులోనే యుంచిరి. ఏది యెక్కినదో వాడుకరికి తెలుపుటకును, వలదన్నవారు సాధ్యమైనంతవరకు మానుకొనుటకును వీలుండవలెనని తీర్మానించిరి.

ఇది సిద్ధాంతమును విడచుట యని కొందరందురు. వారి యాదర్శమును మేము గౌరవింతుము. కాని ఫర్మువేరును చిప్పులోనే శాశ్వతముగా నిలిపిన కార్డును కొన్నను మూలము కనబడదు గదా! కంటికి కనబడు మూటను పారవేసినంతమాత్రమున స్వేచ్ఛ సిద్ధింపదు. మూలమును విడుదల చేయుడని కంపెనీల నడుగుటయే సరియైన మార్గము. అథెరోస్ సంస్థ తన యు.ఎస్.బి. వై-ఫై పరికరములలో కొన్నింటి ఫర్మువేరు మూలమును వెల్లడించుటచే అది సాధ్యమేయని తేలినది.

మన యిండ్లలో బియ్యమును మందును ఒకే డబ్బాలో పోయము. అట్లని మందును వీధిలో పారవేయము. పేరు వ్రాసి చేతికందునట్లు వేరుగా నుంచుదుము. ఫర్మువేరు విషయమునను ఇదియే ధర్మము. విద్యార్థులు తాము వాడు కంప్యూటరులో ఏ ఫర్మువేరు గలదో, దానిని ఎవరిచ్చిరో ఒకసారి చూచి తెలిసికొనవలెనని కోరుచున్నాము.