కంప్యూటరు ఊరికే రీస్టార్టు కాదు

ఈ నెల మన బస్తీలో మూడిండ్ల నుంచి ఒకటే ఫిర్యాదు వచ్చింది. "అన్నా, కంప్యూటరు నడుస్తు నడుస్తు దానంతట అదే బందై మళ్లా చాలూ అయితుంది. దుకాణంల అడిగితే మదర్‌బోర్డు పోయింది, ఏడెనిమిది వేలు అయితయంటున్నరు." మూడూ విడి పార్టులతో అసెంబుల్ చేయించినవే. ఒక ఇంట్లో బిడ్డ దాని మీదనే పెండ్లి కార్డుల డీటీపీ పని చేసి ఇంటికి నాలుగు పైసలు తెస్తది. ఇంకో ఇంట్లో పిల్లవాడు ఎంపీఎస్సీకి చదువుతున్నడు. వేల రూపాయలు తీసే ముందు మన చేతుల్లో ఉన్న పరీక్షలు ఏమున్నాయో ఈసారి చెప్పుకుందాం.

ఉస్మాన్‌షాహీ మిల్లులో పనిచేసిన పెద్దలకు ఈ పద్ధతి తెలిసిందే. దారం మాటిమాటికి తెగితే జాబరు మొత్తం మిషను మార్చమనడు. ఏ కండె మీద తెగుతుంది, ఏ పాళీలో తెగుతుంది, గాలిలో తేమ తగ్గినప్పుడా అని చూస్తడు. కంప్యూటరుకూ అంతే. "ఎప్పుడు పడితే అప్పుడు" అని మనకు అనిపిస్తది గాని, నాలుగు రోజులు కాయితం మీద రాసిపెడితే దాని వేళ దొరుకుతుంది. తేదీ, టైము, అప్పుడు ఏం పని నడుస్తుంది, లైటు పోయి వచ్చిందా, కూలరో నీళ్ల మోటారో చాలూ అయిందా - ఇవి రాయండి.

లైటు పోయిన క్షణంలోనే రీస్టార్టు అయితుంటే ముందు ఇన్వర్టరును చూడండి. కంప్యూటరులోని పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్, కరెంటు లేకుండా బండిని మోసేది సెకనులో సుమారు అరవయ్యో వంతు మాత్రమే. ఇండ్లల్లోని చాలా ఇన్వర్టర్లకు రెండు రకాల నడక ఉంటుంది. మామూలు దాంట్లో ఫ్యాన్లు, బల్బులకు ఇబ్బంది లేదు గాని, లైను మారే లోపల కంప్యూటరు పడిపోతుంది. ఇన్వర్టరు వెనుకనో ముందరనో 'యూపీఎస్' అని చిన్న స్విచ్చు ఉంటే అటు మార్చి చూడండి. ఖర్చు ఏమీ లేదు.

కూలరు, మోటారు చాలూ అయినప్పుడు అయితే తప్పు వోల్టేజీలోనో, వదులైన సాకెట్టులోనో ఉండొచ్చు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసి నేరుగా గోడ సాకెట్టుకు పెట్టండి. కేబినెట్టు ఇనుము ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుందా? అయితే ఎర్తింగు సరిగ్గా లేనట్టే. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టరు నుంచి కొద్దిగా కారే కరెంటు భూమిలోకి పోయే దారి లేక డబ్బా మీదనే నిలుస్తది. ఎండకాలం ఎర్తింగు గుంత ఎండిపోతే కూడ ఇట్లనే అయితది. ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కిరాయి ఇల్లయితే యజమానికి చెప్పండి. ఇది కంప్యూటరు కంటే ముందు ఇంట్లో పిల్లల ప్రాణం సంగతి.

మధ్యాహ్నం మాత్రమే, లేక అరగంట గంట పని చేసినంక మాత్రమే అయితుంటే వేడి అనుకోవాలి. నాందేడ్ ఎండ మనకు తెలిసిందే. పత్తి ఊరు కాబట్టి దూది నూగు కూడ గాలిలోనే ఉంటుంది. అది దుమ్ముతో కలిసి ప్రాసెసరు మీది ఫ్యానుకు, దాని కిందున్న రేకులకు కంబళిలా పట్టుకుంటది. ప్లగ్గు పీకి, మెత్తని బ్రష్షుతో తీయండి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిరగిర తిరగనియ్యొద్దు. తడిబట్ట వద్దు. తర్వాత చాలూ చేసేటప్పుడు డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కి బయోస్‌లో ప్రాసెసరు వేడి చూడండి. ఏ పనీ లేకుండానే 80, 90 డిగ్రీలు దాటుతుంటే ఫ్యాను సరిగ్గా కూర్చోలేదు, లేదా మధ్యలో రాసే పేస్టు ఎండిపోయింది. మనలో కొందరు సికింద్రాబాద్ సీటీసీలో పార్టులు కొని రైల్లో తెచ్చుకుంటరు. బిగించిన డబ్బా కుదుపులకు ఫ్యాను క్లిప్పు గాని, ర్యాము గాని కదిలి ఉండొచ్చు.

గేమో వీడియో పనో పెట్టినప్పుడే పడిపోతుంటే ఎస్ఎంపీఎస్ మీది చీటీ చదవండి. పెద్దగా 450 వాట్లని రాసి ఉంటది. దాన్ని వదిలి 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 ఉంటే 12ను 18తో గుణించండి, 216 వాట్లు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా తినేది ఆ లైను నుంచే. తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్ఎంపీఎస్ ఒక్కరోజు అడిగి తెచ్చి పెట్టి చూస్తే తేలిపోతుంది. పాతదాన్ని మాత్రం విప్పి చూడొద్దు. ప్లగ్గు పీకినంక కూడ లోపల 300 వోల్టుల పైన నిలిచి ఉంటది.

వీటిలో ఏ వేళా దొరకకపోతే, దిస్ పీసీ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్‌కు పోయి 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ముందున్న టిక్కు తీసేయండి. ఇప్పుడు బండి పడ్డప్పుడు నీలి తెర వచ్చి ఆగితే, దాని మీది అక్షరాలను ఫోనులో ఫొటో తీయండి. అది ఎక్కువగా ర్యాము, డ్రైవరు, డిస్కు వైపు చూపిస్తది. ర్యాము తీసి పసుపు పండ్లను రబ్బరుతో తుడిచి మళ్లా గట్టిగా కూర్చోబెట్టండి. స్టార్టులో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వెతికి నడిపించండి. నీలి తెర లేకుండ టక్కున నల్లబడితే కరెంటు, వేడి వైపే మళ్లా చూడాలి. కేబినెట్టు ముందరి రీసెట్ మీట ఇరుక్కుపోయినా ఇదే రోగం. బోర్డు మీద 'రీసెట్' అని రాసిన రెండు తీగల క్లిప్పు పీకి ఒక రోజు నడిపి చూడండి.

దుకాణంలో కొందరు ఈవెంట్ వ్యూయర్ తెరిచి "కెర్నల్ పవర్ 41" చూపించి, ఇదిగో బోర్డు పోయిందంటరు. ఆ 41 చెప్పేది ఒక్కటే: కంప్యూటరు సరిగ్గా బంద్ కాకముందే ఆగిపోయింది అని. ఎందుకు ఆగిందో అది చెప్పదు. బోర్డు మీద నిలువు డబ్బీల తలలు ఉబ్బి గాని కారి గాని ఉంటే అప్పుడు బోర్డు మీద అనుమానం న్యాయమే.

మూడు మాటలు గుర్తుంచుకోండి. ముందు బిడ్డ పని, పిల్లవాడి నోట్సు పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. ఒక్కసారికి ఒక్కటే మార్చి రెండు రోజులు చూడండి. నాలుగు ఒక్కసారే మారిస్తే ఏది రోగమో తెలియదు. దుకాణానికి పోయేటప్పుడు రాసిన కాయితం, బిల్లు రెండూ పట్టుకపోండి. పార్టు మీది సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి, వారంటీ దానితోనే దొరుకుతుంది. వారంటీ ఉండి కూడ మార్చనంటే వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915.