కాటి సీను చూసిన పిల్లలకు మాక్‌బెత్ కష్టం కాదు



ఇంగ్లీషు డ్రామా పాఠం వచ్చినప్పుడు 'సాలిలక్వీ' అంటే ఏమిటో పిల్లలు చక్కగా అప్పజెబుతారు. పాత్ర ఒంటరిగా ఉండి మనసులోని మాట పైకి చెప్పుకోవడం, అంటే మన స్వగతం. రెండు మార్కులూ వస్తాయి. కానీ నాటకంలో అది ఎందుకు కావాలి అంటే మాత్రం క్లాసులో ఒక్క చెయ్యీ లేవదు. దానికి జవాబు మన జాతరల్లో ఆడే పద్యనాటకంలోనే ఉందని నా అభిప్రాయం.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం మీరు చూసే ఉంటారు, లేదా మీ పెద్దలు చూసి ఉంటారు. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకున్నాడు. బాకీ కోసం నక్షత్రకుడు వెంటపడి వేధించినా ఓర్చుకున్నాడు. కాశీలో ఆలుబిడ్డలను అమ్మి, తానూ వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. అందరి ముందూ ఆయనది ఒకటే మాట: సత్యం తప్పను. అదొక్కటే వింటే ఈయన మనిషా, రాయా అనిపిస్తుంది.

కాటిలో ఒంటరిగా నిలబడ్డాక గొంతు మారుతుంది. అక్కడ అప్పులవాడు లేడు, ధైర్యం చెప్పాల్సిన భార్య లేదు. ఆడిన మాట మీద నిలబడడానికి ఆయన లోపల ఎంత నలిగిపోయాడో అప్పుడే మనకు తెలుస్తుంది. ఈ సీనంటే జనానికి ఎంత ఇష్టమంటే, నటులు గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలను కూడా అందులో కలిపి పాడారు. వన్స్‌మోర్ కేకలు పడ్డాయి.

మాక్‌బెత్ దీనికి తిరగేసిన బొమ్మ. డంకన్ రాజు ఎదుట ఎంతో విధేయుడు. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు గాలిలో కత్తి కనిపిస్తుంది. ఆయన దాచింది దుఃఖం, ఈయన దాచింది దురాశ. హరిశ్చంద్రుడి కథ శుభంగా ముగుస్తుంది, మాక్‌బెత్ కథ చావుతో ముగుస్తుంది. అయినా ఇద్దరి మనసులూ మనకు తెలిసేది స్వగతంలోనే.

"ఇంగ్లీషు మీడియంలో వేస్తే హరిశ్చంద్ర ఎందుకు మేడమ్?" అని మీరు అడగవచ్చు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) లాయరు. పౌరాణిక పాత్రలూ వేశారు, షేక్‌స్పియర్ పాత్రలూ వేశారు. నాటకం శుభంగానే ముగియాలన్న ఆనవాయితీని దాటి 'విషాద సారంగధర' రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయన మేనమామ. సీమవాళ్లకు ఒకటి నేర్వడానికి ఇంకొకటి ఏనాడూ అడ్డు రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా.

ఇది మార్కుల కోసం మాత్రమే చెప్పడం లేదు. మన పిల్లలకూ స్వగతం ఉంటుంది. పరీక్ష ఎలా రాశావంటే "బాగానే రాశాను" అంటారు. అది అందరి ముందూ చెప్పే మాట. నాటకంలో ఒంటరి మాట ప్రేక్షకులకు వినిపిస్తుంది, ఇంట్లో మనకు వినిపించదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దవాళ్లే కాదు, పదేళ్ల పిల్లలూ అనుకుంటారు.

ఈసారి దగ్గరి ఊళ్లో హరిశ్చంద్ర ఆడితే, నిద్ర చెడినా సరే, పిల్లలను కాటి సీను దాకా కూర్చోబెట్టండి. మరునాడు రెండే ప్రశ్నలు వేయండి: ఆయన అందరితో ఏమన్నాడు? ఒంటరిగా ఉన్నప్పుడు ఏమన్నాడు? పాఠం అక్కడే వచ్చేస్తుంది. ఆ తర్వాత పిల్లలు తమ గురించి ఏదైనా చెప్పబోతే, మార్కుల మాట ఎత్తకుండా కాసేపు వినండి.