ఇంట్లో ఉన్నవారికి సెలవెందుకు?

ఉద్యోగమంటే ఇల్లు విడిచి పోవడం, సెలవంటే ఇంటిపట్టున ఉండడం. మొన్నమొన్నటి దాకా మనకు తెలిసిన లెక్క ఇదే. రోజూ టిఫిన్ క్యారియరు పట్టుకుని బస్సెక్కే మనిషి ఒకనాడు ఎక్కలేదంటే ఆనాడు సెలవు. ఆ సంగతి పిల్లలకు తెలిసేది, పక్కింటివారికి తెలిసేది, చివరకు పాలవాడికి కూడా తెలిసేది. ఎవరూ అడగవలసిన పని లేదు, ఎవరికీ చెప్పవలసిన పనీ లేదు.

2020లో కరోనా వచ్చి ఈ లెక్కను తారుమారు చేసింది. ఆ ఏడు మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. మరునాటినుంచి మన రాష్ట్రంలోనూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు పెట్టేబేడా సర్దుకుని వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మా సిద్దిపేటకు చేరుకున్నారు. వాళ్ళ వెంటే ఆఫీసులు కూడా వచ్చి, ఏ ఇంట్లో ఒక గది ఖాళీగా కనబడితే ఆ గదిలో మకాం పెట్టాయి. ఆ గదికి అద్దె అడిగినవారు లేరు, ఇచ్చినవారూ లేరు!

డిసెంబరు వచ్చేసరికి చాలా ఇళ్ళలో ఒకటే ధర్మసందేహం. ఏడాది సెలవులు వాడకుండా మిగిలిపోయాయి. కొన్ని కంపెనీల నియమం ప్రకారం డిసెంబరు 31 దాటితే అవి మురిగిపోతాయి. పోనీ పెట్టుకుందామా అంటే, ఎక్కడికి పోవాలి? తీర్థయాత్ర అంటే భయం, పెళ్ళికి పోవాలన్నా వెనకాముందూ చూసుకోవలసిన రోజులు. రోజూ కూర్చునే కుర్చీలోనే సెలవునాడు కూడా కూర్చోవడానికి సెలవు చీటీ దండగ గదా?

ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవారికి ఈ సందేహం అంతగా ఉండదు. మాకు ఏడాదికి 15 ఆకస్మిక సెలవులు. సంవత్సరంతోపాటే అవీ సరి. అందుకే ప్రతి డిసెంబరులోనూ స్టాఫ్ రూములో కుర్చీలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అవుతుంటాయి. కాని మా ఇంట్లో ఆ సంవత్సరం చర్చ నా సెలవుల గురించి కాదు. మా తమ్ముడూ మరదలూ ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగులే. మార్చి నుంచి పిల్లవాడితో సహా మా అమ్మ దగ్గరే ఉంటున్నారు. మరదలికి పదకొండు రోజుల సెలవు మిగిలింది. పెట్టుకోవాలా, వద్దా?

మా తమ్ముడు లెక్కల మనిషి. "ఊరికే సెలవు పెట్టి ఇంట్లో గోడలు చూసే బదులు, ఎంత వీలైతే అంత వచ్చే ఏటికి మళ్ళించుకుని, ఎప్పుడైనా డబ్బు చేసుకోవచ్చు గదా!" అన్నాడు.

మా అమ్మ మాట వేరు. "పెట్టుకో బిడ్డా! ఎట్లాగు ఇంట్లనే ఉంటివి. నాకింత సాయం దొరుకుతది. సంక్రాంతికి ముందుగాల్నే సకినాలు చేసి పెట్టుకుందాం" అంది.

మరదలు ఆ ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. తర్వాత పెరట్లో బట్టలు ఆరవేస్తూ నాతో అంది: "వదినా, నాకు సెలవు వద్దు. ఆఫీసు ఉన్నంతసేపు ఆ గది తలుపు వేసుకోవచ్చు. ఎవరూ ఏమనరు. సెలవు పెట్టిన్నంటే ఆ తలుపు కూడా పోతుంది."

చదువరులు గమనించాలి, ఈ ముగ్గురిలో తప్పు మాట్లాడినవారు ఎవరూ లేరు.

తమ్ముడి మాటే తీసుకోండి. సెలవును డబ్బు చేయడం కొత్త సంగతి కాదు. ప్రభుత్వోద్యోగులు సంపాదిత సెలవును 300 రోజుల దాకా కూడబెట్టుకుని ఉద్యోగ విరమణనాడు సొమ్ము చేసుకుంటారు. అదే 2020 అక్టోబరు 12న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు కేంద్ర ఉద్యోగులకోసం ఒక పథకం ప్రకటించారు. ప్రయాణ రాయితీ వాడుకోవడానికి ప్రయాణాలు లేవు కాబట్టి ఆ సొమ్మూ, పది రోజుల సెలవు జీతమూ చేతికిస్తారు. ఛార్జీల సొమ్ముకు మూడు రెట్లు, సెలవు జీతానికి సమానంగా, 12 శాతమో అంతకు మించో జీఎస్టీ పడే వస్తువులు కొనాలి. నగదు పనికిరాదు. గడువు 2021 మార్చి 31. కాశ్మీరు చూసి రావలసిన కుటుంబం ఆ విధంగా ఫ్రిజ్ కొనుక్కుని దాని చల్లదనంతో తృప్తి పడవచ్చునన్నమాట! అంగళ్ళకు అది మేలే చేసి ఉంటుంది. కాని ఫ్రిజ్‌ను ఎంతసేపు చూసినా నడుంనొప్పి తగ్గదు.

ఇక్కడ 'సెలవు' అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. "సెలవు తీసుకుంటాను" అంటే పోవడానికి అనుమతి అడగడం. "వారు సెలవిచ్చారు" అంటే పెద్దలు ఒక మాట చెప్పడం. ఈ మాటకు పాత తెలుగులో ఖర్చు అనే అర్థం కూడా ఉంది. తమిళులు ఈనాటికీ ఖర్చును సెలవు అనే అంటారు. కాబట్టి సెలవు ఒకరు ఇవ్వవలసినది, మరొకరు ఖర్చు పెట్టవలసినది. తమ్ముడు ఖర్చు పెట్టడం సంగతి మరిచాడు. మరదలు ఇచ్చేవారి సంగతి అడుగుతున్నది. ఆఫీసు సెలవిస్తుంది సరే, ఇల్లు ఇస్తుందా?

ఇంట్లో కూర్చుని పని చేయడం కంప్యూటరువారితోనే మొదలైనట్టు మనం మాట్లాడుతున్నాం గాని, మా జిల్లాలో అది తాతల నాటి సంగతి. గొల్లభామ చీర నేసే పద్మశాలి ఇంట్లో మగ్గం గుంట ఇంటిలోపలే ఉంటుంది. దుబ్బాకకు పొండి, సిద్దిపేట వాడల్లో చూడండి, తునికాకు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనబడతారు. వారికి కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. మా వీధి చివర అటువంటి తల్లి ఒకామె ఉంది. "అమ్మా, నీకు ఎప్పుడైనా సెలవుందా?" అని అడిగాను. "ఇంట్ల కూసొని చేసే పనికి తాతీలెక్కడిది టీచరమ్మా? చాట పక్కకు పెడితే చీపురు చేతికొస్తది" అంది. తాతీలంటే సెలవు, నిజాం కాలంనుంచి మా వైపు నిలిచిపోయిన ఉర్దూ మాట. 2020 వేసవిలో కంపెనీలు మూతపడి ఆకు, తంబాకు రాకపోతే ఆమె చాట నిజంగానే పక్కకు పెట్టింది. దాన్ని సెలవనలేం. అది పస్తు.

విచిత్రమేమిటంటే, ఆమెకు సెలవుండాలని చట్టం ఎప్పుడో చెప్పింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటిదగ్గర చుట్టేవారిని కూడా కార్మికులుగానే లెక్కించి, ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు రాసింది. ఇంట్లో పనికి రోజు అంటే ఏమిటో కూడా చెప్పింది: అర్ధరాత్రినుంచి ఇరవైనాలుగు గంటలలో ఏ కాస్తసేపు చుట్టినా అది ఒక రోజు పనే. ఇంటి పనికి వేళాపాళా ఉండవని ఆ చట్టం రాసినవారికి అప్పుడే తెలుసునన్నమాట. కాని చట్టం ఇప్పించగలిగింది సెలవు జీతం. చాట పక్కకు పెట్టినప్పుడు చీపురు చేతికి రాకుండా ఆపడం ఏ చట్టానికి సాధ్యం?

జీతంతో సెలవు మనకు ఊరికే వచ్చినది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నారాయణ మేఘాజీ లోఖండే వెంట కార్మికులు ఏళ్ళ తరబడి అడగగా అడగగా 1890లో ఆదివారం సెలవు దక్కింది. 1936లో ఫ్రాన్సులో సమ్మెల దరిమిలా కార్మికులందరికీ రెండు వారాల జీతపు సెలవు వచ్చింది. అదే ఏడు అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏడాది పని చేసినవారికి కనీసం ఆరు పనిదినాల సెలవుండాలని ఒడంబడిక చేసింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 240 రోజులు పని చేసినవారికి మరుసటి ఏట ఇరవైకి ఒకటి చొప్పున సెలవు లెక్క కట్టింది. వీరెవరూ "ఎక్కడికి పోతావు?" అని అడగలేదు. ఊటీకి టికెట్టు చూపిస్తేనే సెలవని ఏ చట్టంలోనూ లేదు. పనినుంచి మనిషిని విడుదల చేయడమే సెలవు. ఆ విడుదలలో అతడు ఊళ్ళు తిరుగుతాడో, గోడలే చూస్తాడో అతడి ఇష్టం.

సరే, మా ఇంటి సంగతి చెప్పాలి గదా. ఒక ఆదివారం భోజనాల తర్వాత మరదలి మాటను ఆమె అనుమతితోనే అందరిముందూ పెట్టాను. మా అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "మరి నా సెలవు ఎవలు రాస్తరు?" అంది. డెబ్బై ఏళ్ళ మనిషి. పొయ్యి ముందునుంచి ఒక్క రోజు లేచింది లేదు. ఎవరమూ ఏమీ అనలేకపోయాం. కోడలి సెలవు మీద ఆమె ఆశ పడ్డదంటే, తనకు అంతకన్నా వేరే సెలవు కనబడక.

కాబట్టి సెలవు ఒకరికి కాదు, ఇద్దరికి కావాలి. దానికోసం మూడో మనిషి కదలాలి. తమ్ముడు లెక్కలు మాని, భార్యతోపాటే తానూ సెలవు పెట్టాడు. డిసెంబరు 21 సోమవారంనుంచి గురువారం దాకా నాలుగు రోజులు. శుక్రవారం క్రిస్మస్, శని ఆదివారాలు ఎలాగూ ఉన్నవే. మొదటి రెండు రోజులు వంటిల్లు తమ్ముడిదీ నాదీ. అమ్మా కోడలూ పొయ్యి దరిదాపులకు రాకూడదు. మూడోనాడు సకినాలు, అందరమూ కలిసి. నాలుగోనాడు చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ కట్ట మీదికి. ఆ ఏప్రిల్ 24న అందులోకి గోదావరి నీళ్ళు వదిలినప్పుడు ఊరంతా ఇళ్ళలో తలుపులు వేసుకుని ఉంది. కూతవేటు దూరంలోని నీళ్ళను చూడడానికి ఎనిమిది నెలలు పట్టింది!

ల్యాప్‌టాప్‌లు రెండూ అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. మంగళవారం మధ్యాహ్నం ఆఫీసునుంచి ఫోను రానే వచ్చింది. తీసింది మా అమ్మ. "కోడలు సెలవుల ఉన్నది బాబూ, సోమవారం చేస్తది" అని పెట్టేసింది. కొంపలేమీ మునగలేదు. మరదలు ఆ రెండు రోజులూ ఏం చేసిందని అడుగుతారేమో! ఒకనాడు మధ్యాహ్నం మూడింటిదాకా నిద్రపోయింది. రెండోనాడు తలుపు వేసుకుని ఏదో చదువుకుంది. తలుపు ఎవరూ తట్టలేదు.

మిగిలిన ఏడు రోజులలో కొన్ని మరుసటి ఏటికి వెళ్ళాయి, కొన్ని మురిగాయి. ఉన్నవన్నీ ఖర్చు పెట్టి తీరాలని నేననను. 2021 వేసవిలో రెండో విడత కరోనా వచ్చినప్పుడు నాలుగు రోజులు చేతిలో ఉంచుకున్నవారికి అవి ఎంత అక్కరకు వచ్చాయో ఆ ఇళ్ళవారికే తెలుసు. జబ్బుకు కొంత దాచుకోవాలి. కాని జబ్బుకు దాచినదే సెలవు అనుకుని, ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ సెలవే లేకుండా ఉండడం లోభివాని సంసారం.

ఈనాడు లాక్‌డౌన్ లేదు. అయినా వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పని చేసేవారు ఎందరో ఉన్నారు. పని వేళ దాటాక ఆఫీసు పిలుపులకు బదులివ్వనక్కరలేని హక్కును ఫ్రాన్సు 2017లోనూ, ఆస్ట్రేలియా 2024లోనూ అమలులోకి తెచ్చాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే గారు 2018లో అటువంటి బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. అయితే మాత్రం? ఆఫీసు పిలవకుండా చట్టం ఆపగలదు. "ఖాళీగానే ఉన్నావు గదా" అనే పిలుపును మాత్రం మన ఇంటివారే ఆపాలి.

అందుచేత నా సలహా ఇది. ఇంట్లో ఉన్నా సరే సెలవు పెట్టండి. ఒక్కొక్క రోజుగా కాకుండా నాలుగు రోజులు వరసగా పెట్టండి. ముందుగానే గోడమీది క్యాలెండరులో ఆ తేదీలకు సున్నాలు చుట్టండి, పిల్లవాడితో సహా అందరికీ తెలియాలి. ఆ రోజుల్లో వంట ఎవరిదో, అంట్లు ఎవరివో ముందే తేల్చుకోండి. సెలవు చీటీ మాత్రం రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసుకు, రెండోది వంటింటికి. ముందు మంజూరు కావలసింది రెండోదే.