మన కరపత్రాలు ఎవరి సర్వర్‌లో ఉన్నాయి?

1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. దాని ప్రకటన వేయమంటే, డబ్బు ఇస్తామన్నా 'కేసరి' వేయలేదు. బాబాసాహెబ్ పత్రికలతో ఆగలేదు, సొంత ప్రెస్ కూడా పెట్టుకున్నారు. నూరేళ్ళ తర్వాత మనం ఏం చేస్తున్నాం? రోహిత్ వేముల మరణం తర్వాత రాసుకున్న కరపత్రాలు, వెలివాడ ఫొటోలు, సభల వీడియోలు ఫేస్‌బుక్ పేజీల్లో, గూగుల్ డ్రైవ్‌లో, ఎవరో సీనియర్ పాత ఫోన్‌లో పడి ఉన్నాయి.

2019 నవంబర్ గుర్తుందా? సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసింది. అదే సమయంలో ట్విట్టర్ కులవివక్ష మీద మనవాళ్ళు గట్టిగా గొడవ చేశారు. చాలామంది మాస్టొడాన్‌కు వెళ్ళారు, అక్కడా ఇంకొకరి సర్వర్‌లోనే ఖాతా తెరిచారు, కొన్నాళ్ళకు వెనక్కి వచ్చేశారు. మాస్టొడాన్‌ను ఎవరైనా తమ సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. అసలు విషయం అదే. దాన్నే వదిలేశాం.

నేను పీహెచ్‌డీ చేస్తూ కోల్‌కతా న్యూ టౌన్‌లో అద్దెకుంటున్నాను. ఒకప్పుడివి రాజార్‌హాట్ వరిపొలాలు, చేపల చెరువులు. రైతుల దగ్గర తీసుకున్న ఆ భూమి మీద ఇప్పుడు ఐటీ టవర్లున్నాయి. సర్వర్ అంటే ఆ అద్దాల మేడల లోపలి సంగతనీ, మనబోటివాళ్ళ పని రోడ్డు మీద నినాదమివ్వడమనీ మనవాళ్ళే అంటారు. వేదం వినకూడదన్నవాళ్ళను తిట్టిన నోటితోనే 'టెక్నికల్ విషయాలు మనకెందుకు' అనడం నాకు మింగుడుపడదు.

నిజానికి అందులో ఉన్న బ్రహ్మవిద్య ఎంత? మా స్టడీ సర్కిల్ కోసం నెక్స్ట్‌క్లౌడ్ పెట్టాం. డాకర్ కంటైనర్ అంటే అప్లికేషన్‌నూ, అది నడవడానికి కావలసిన సరంజామానూ కలిపి కట్టిన మూట. ఒక మూటలో నెక్స్ట్‌క్లౌడ్, ఇంకో మూటలో మరియాడీబీ డేటాబేస్. రెండింటినీ కలిపే కంపోజ్ ఫైలు ముప్ఫై లైన్లు దాటలేదు. మూట పారేసినా కరపత్రాలు పోకుండా డేటాను వాల్యూమ్‌లో విడిగా ఉంచాలి. పోర్టును 127.0.0.1కే కట్టేయాలి. లేకపోతే ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ మూసే ఉందని మీరనుకుంటారు, డాకర్ దాన్ని దాటుకుని తలుపు తెరిచేస్తుంది. ముందు క్యాడీ పెడితే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత 'ట్రస్టెడ్ డొమైన్స్' జాబితాలో మన డొమైన్ పేరు రాయాలి, రాయకపోతే లోపలికి రానివ్వదు. (ఇక్కడా జాబితాయేనా అని ఒక చెల్లెలు నవ్వింది.) వెర్షన్ నంబరు స్పష్టంగా రాసుకోండి. నెక్స్ట్‌క్లౌడ్ పెద్ద వెర్షన్లను ఒక్కొక్కటిగానే ఎక్కాలి, మధ్యలో దూకితే ఒప్పుకోదు.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి చిన్న వీపీఎస్ తీసుకున్నాం. అదీ అద్దేగా అన్నాడొక మిత్రుడు. అద్దే. కానీ ఆ కంపెనీ రేపు పొమ్మంటే అదే ఫైలు, అదే డేటా ఇంకోచోట దించుకుంటాం. పెద్ద ప్లాట్‌ఫాంలో ఖాతా మూసేస్తే ఎవరిని బతిమాలాలో కూడా తెలియదు.

నా అసలు కోపం మన సంఘాల మీదే. పాస్‌వర్డులన్నీ ఒక్క ఇంజినీరింగ్ కుర్రాడి దగ్గరుంటాయి. అతను ఉద్యోగానికి పోతే సర్వర్ కూడా అతనితో పోయినట్టే. విద్య ఒక్కడి గుప్పిట్లో ఉండటాన్ని మనం ఏమని పిలుస్తామో నేను చెప్పక్కర్లేదు. మా దగ్గర ముగ్గురికి అడ్మిన్ హక్కులున్నాయి, అందులో ఇద్దరు కంప్యూటర్ సైన్స్ చదవలేదు.

ఒక్క చోట ఉన్నది సొంతమైనా కూలుతుంది. 2016 జూన్ 25 తెల్లవారుజామున ముంబై దాదర్‌లో అంబేడ్కర్ భవన్‌నూ, బాబాసాహెబ్ ప్రెస్‌నూ బుల్డోజర్లతో పడగొట్టారు. అందుకే ప్రతి ఆదివారం మెయింటెనెన్స్ మోడ్ పెట్టి డేటాబేస్ డంప్, ఫైళ్ళ నకలు తీస్తాం. ఒక డిస్క్ ఇక్కడ నా గదిలో, ఇంకొకటి గుంటూరులో. ఆ డిస్క్ నుంచి కొత్త మెషీన్ మీద మొత్తం తిరిగి లేపడం మీ సంఘంలో ఎంతమందికి వచ్చో ఈ వారం మీటింగులో అడగండి.