రైలుస్టేషను స్థలనిర్ణయము: వాస్తువా, వాగా?

కృష్ణకు దక్షిణతీరమున నిర్మాణమగుచున్న అమరావతికి రైలుమార్గము కావలెననుటలో వివాదము లేదు. ఎర్రుపాలెము నుండి నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్తమార్గమునకు కేంద్ర మంత్రివర్గము 2024 అక్టోబరులో అనుమతి నొసగినది. అంచనా వ్యయము 2,245 కోట్ల రూపాయలు. అందు కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెన యొకటి కలదు. ఇట్టి నగరమునకు ప్రధానస్టేషను ఎచ్చట నుండవలెనను చర్చ పౌరులందఱు చేయదగినదే. కాని రాజధాని మాట పుట్టిననాటినుండి ఈ నేలపై మాటిమాటికి వినవచ్చుచున్న వాస్తువును ఆ చర్చలోనికి రానిచ్చుట నాకు సమ్మతము కాదు.

ఈశాన్యము పల్లముగను, నైరృతి మెరకగను ఉండవలెనని వాస్తువిధి. రైల్వే ఇంజనీరు కోరునది వేఱు. స్టేషను యార్డు వాలు 400 మీటర్ల పొడవునకు ఒక మీటరు మించరాదనియు, 1200 మీటర్లకు ఒకటి మించకున్న మఱింత మేలనియు మన రైల్వేల నియమము. ఏలయన, బ్రేకు సరిగా పట్టని ఒక వ్యాగను ఆ కొద్దిపాటి వాలుననే తనంతట తాను కదలి, ప్రయాణికుల బండి వచ్చు లైనులోనికి దొరలిపోగలదు. ఆ వాలు ఈశాన్యమునకున్నను నైరృతికున్నను కలుగు ప్రమాదమొక్కటే.

ఇక నీటి సంగతి. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజికి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైబడి వరద వచ్చినది. బుడమేరు పొంగి విజయవాడ చెంతనున్న రాయనపాడు స్టేషనును ముంచినది. ఆ దినములలోనే మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రము స్టేషన్ల నడుమ కట్టమట్టియు కంకరయు కొట్టుకొనిపోగా, స్లీపర్లతోకూడ పట్టాలు ఆధారము లేక గాలిలో వ్రేలాడినవి. అమరావతి ప్రాంతమునను ఇట్లే పొంగగల కొండవీటివాగు కలదు. కావున స్టేషనుకు స్థలమెంచునపుడు అడుగవలసిన ప్రశ్నలు ఇవి: గత వరదలలో ఇచ్చట నీరెంత ఎత్తున నిలిచినది? కట్టక్రింది తూములు ఆ నీటిని పోనీయగలవా? అర్ధరాత్రి దిగిన వృద్ధురాలికి బస్సు ఎంత దూరమున దొరకును? వీనిలో ఒక్కదానికైనను సింహద్వారపు దిక్కు సమాధానము చెప్పజాలదు.

దిక్కుల పట్టింపు ప్రయాణములకును కలదు: సోమ శనివారములలో తూర్పునకు వారశూల, అనగా ఆ దిక్కునకు పయనము తగదని పంచాంగము చెప్పుచున్నది. అయినను గోదావరి ఎక్స్‌ప్రెస్ హైదరాబాదు నుండి తూర్పుగా విశాఖకు ఆ రెండు వారములలోను బయలుదేరుచునే యున్నది. పంచాంగమును గౌరవించువారును అందు టిక్కెట్టు కొని సుఖముగా చేరుచున్నారు. టైంటేబిలు విషయమున ప్రజలే వెనుకకు నెట్టిన విశ్వాసమును స్థలనిర్ణయమున ప్రభుత్వము పాటింపవలసిన పనియేమి?

నమ్మినంతమాత్రమున నష్టమేమని కొందఱందురు. స్వగృహమున ఎవరి సొమ్ము వారిది. అచ్చటి గాలివెలుతురుల విషయమున వాస్తులో అనుభవసారము కొంత యుండిన దానిని పరీక్షించి గ్రహింపవచ్చును. స్టేషను ప్రజాధనముతో, రైతులనుండి తీసికొన్న నేలపై కట్టునది. సికింద్రాబాదు స్టేషను 1874 నుండియు, కాచిగూడ 1916 నుండియు ఉన్నచోటనే యున్నవి. ఒకసారి పొరపడిన ఆ భారము తరతరములవారు మోయుదురు. దాదాపు 413 కోట్లతో నిర్మించిన చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైనపుడు ప్రయాణికులను బాధించినది చేరుటకు తగిన రోడ్లు లేకుండుటయే.

శాస్త్రీయదృష్టిని పెంపొందించుట పౌరుని విధియని 1976లో రాజ్యాంగమున 51ఎ అధికరణము క్రింద వ్రాసికొంటిమి. ఆ విధి ఇట్టి నిర్ణయములయందే ఆచరణకు రావలెను. అమరావతి గ్రామములవారలారా, భూమట్టముల పటమును, వరదమట్టముల లెక్కలను, బస్సుమార్గముల ప్రణాళికను తెలుగున అచ్చువేసి పంచాయతీ కచేరీలలో పెట్టుడని అధికారులను అడుగుడు. వానినిబట్టి తేలిన స్థలమునకే మీ సమ్మతి తెలుపుడు.